గొళ్ళెంగారి నలభై ఒక్క చిరునామాలు

కోర్టులో అందరూ ఆయన్ని గొళ్ళెంగారనే పిలిచేవారు. జీతాల పట్టీలో వేరే పేరు ఉండేది కానీ, ఆ పేరుతో ఎవరైనా పిలిస్తే ఆయన కూడా పక్కవాడి వైపు చూసేవారు. కోర్టు వేసిన జరిమానా ఎగవేసినవాళ్ళ ఇళ్ళకు వారంటు పట్టుకెళ్ళి, కడతావా, సామాను జప్తు చేయమంటావా అని అడగడం ఆయన ఉద్యోగం. అమీనా అంటారు. వినడానికి హోదాగానే ఉంటుంది. కొరివితో తల గోక్కోవడమని చేసేవాడికే తెలుస్తుంది.

ఆయన తలుపు చేత్తో తట్టేవారు కాదు. పొడుగాటి బెత్తంతో గొళ్ళెం గలగలలాడించి, గోడకు అతుక్కుని పక్కన నిలబడేవారు. పేరు అందుకే వచ్చింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో, పని నేర్పిన పెద్ద అమీనా పిడికిలితో తలుపు తట్టి దానికి ఎదురుగా నిలబడ్డాడు. లోపలినుంచి గొడ్డలి చెక్కను చీల్చుకుని వచ్చింది. పెద్దాయన చెవి తెగి గడప మీద పడింది. అది చూసినవాడు మళ్ళీ ఏ తలుపుకీ ఎదురుగా నిలబడడు.

ఇరవై ఏడేళ్ళలో ఆయన ఒంటి మీద ఊరంతా తలో చెయ్యీ వేసింది. నెత్తి మీద పదకొండు కుట్లు, రోకలి దెబ్బ. ఎడమ తొడ మీద కుక్క పళ్ళు. వీపు మీద సలసల కాగే నీళ్ళ మచ్చ. ముందు పళ్ళు రెండూ రాలగొట్టింది ఏ రౌడీయో కాదు, ఒక లెక్కల టీచరమ్మ, గొడుగు పిడితో. ఆవిడ కట్టాల్సింది కూడలిలో ఎర్ర దీపం దగ్గర బండి ఆపనందుకు వేసిన చిల్లర జరిమానా. ఆ తర్వాత పళ్ళు ఏరి కాగితంలో చుట్టి ఇచ్చి, "సారీ అండీ, కోపం వచ్చింది" అంది. కోపం వస్తే జనానికి కోర్టు కనబడదు, జడ్జీ కనబడడు. గుమ్మంలో నిలబడ్డ బక్కమనిషి ఒక్కడే కనబడతాడు.

ఆయన భార్య పెద్దాసుపత్రిలో కట్లు కట్టేది. ఆ నెత్తి మీద కుట్లకి కట్టు కడుతూనే ఆయనకి పరిచయమైంది. పెళ్ళయ్యాక ఆసుపత్రికి వెళ్ళే పని తప్పింది, ఇంట్లోనే కట్టేది. కట్టేటప్పుడు మాత్రం కసిగా లాగి కట్టేది.

"ఈ ఉద్యోగం మానెయ్యండి అంటే వినరు. ఏదో ఒక రోజు మిమ్మల్ని మూటగట్టి తెస్తారు నా దగ్గరికి."

"అప్పుడు కూడా ఇంత గట్టిగా కట్టకే, ఊపిరాడదు," అనేవారు ఆయన.

మానకపోవడానికి కారణం ఉంది. ఆయన పనికి రెండో సగం ఒకటుంది. తన్ని, కాల్చి, ఎముకలు విరిచినవాళ్ళకు కోర్టు వేసే జరిమానా కోర్టుకి మిగలదు. దెబ్బలు తిన్నవాళ్ళకు నష్టపరిహారంగా చేరాలి. వసూలు చేసిన ఆ డబ్బుని అమీనాయే చేతికి అందించి వేలిముద్ర తీసుకునేవాడు. దెబ్బలు తిన్నవాళ్ళు కొట్టినవాళ్ళకు దొరక్కుండా ఎక్కడో తలదాచుకుని ఉంటారు. ఎక్కడున్నారో అమీనాకి తెలియక తప్పదు.

చెవి తెగిన ఆ పెద్దాయనే ఒకసారి, మర్చిపోతానేమోనని, అలాంటి చిరునామా ఒకటి వారంటు వెనక పెన్సిలుతో రాసుకున్నాడు. జరిమానా కట్టాల్సిన మొగుడు వారంటు చదువుతానని చేతిలోకి తీసుకున్నాడు, వెనక్కి తిప్పాడు, బుద్ధిమంతుడిలా తిరిగి ఇచ్చేశాడు. ఆ సాయంత్రమే ఆ చిరునామాలో ఒకామె గొంతు తెగి చచ్చిపోయింది. శవాన్ని గుర్తుపట్టడానికి, పెద్దాయన వెంట డబ్బివ్వడానికి వెళ్ళి ఆమెని చూసి ఉన్న గొళ్ళెంగారిని తీసుకెళ్ళారు, ఎందుకంటే ఆమె ముఖం తెలిసినవాళ్ళు ఆ వీధిలో ఎవరూ లేరు. ఆ రోజు నుంచి ఆయన ఒక్క చిరునామా కూడా రాయలేదు. కేసు నంబరు చెబితే చాలు, ఇల్లూ మెట్లూ తలుపు రంగూ చెప్పేవారు, అదీ తనలో తనే. నోట్లో నువ్వుగింజ నానని గుమాస్తాల మధ్య ఇన్నేళ్ళు ఉండి, ఇంట్లో భార్యకి కూడా చెప్పలేదు.

వాటిలో ఒకటి వెల్డరు భార్యది.

వెల్డరు పనిమంతుడు. ఊళ్ళో సగం గేట్లు వాడు అతికినవే. పెళ్ళాన్ని సుత్తి పిడితో కొట్టి మూడు పక్కటెముకలు విరిచాడు, ఎర్రగా కాలిన చువ్వ మెడకి ఆనించాడు. ఆరు నెలలు జైలు, జరిమానా. జైలు అనుభవించి వచ్చాడు కానీ, జరిమానా కట్టలేదు. ఆమె అప్పటికే ఊరి రెండో చివర ఒక లాండ్రీలో ఇస్త్రీ పనికి కుదిరి, ఆ పైనే అటక లాంటి గదిలో ఉంటోంది. అక్కడికి చేరేలోగా మూడుసార్లు ఇల్లు మారింది. మూడుసార్లూ కోర్టుకి వచ్చి గొళ్ళెంగారి చెవిలో చెప్పి వెళ్ళింది.

మొదటిసారి వెళితే వెల్డరు కుక్కను వదిలాడు. రెండోసారి సుత్తి విసిరాడు, అది చెవి పక్కనుంచి పోయి గోడలో దిగింది. మూడోసారి మాత్రం మర్యాదగా లోపలికి పిలిచాడు.

"అదెక్కడుందో చెప్పు. ఇప్పుడే, ఇక్కడే, మొత్తం కట్టేస్తా."

"నాకు తెలియదు."

"డబ్బు దానికే ఇస్తావు కదయ్యా. తెలియకుండా ఎట్లా ఇస్తావు?"

బెంచికి ఇనుప ముక్కల్ని బిగించి పట్టే వైస్ ఉంది. వెల్డరు ఆయన ఎడమచెయ్యి లాగి రెండు వేళ్ళు దాని దవడల మధ్య పెట్టి, పిడి తిప్పాడు. ఒక చుట్టు తిప్పి అడిగాడు. ఇంకో చుట్టు తిప్పి అడిగాడు. మూడో చుట్టుకి ఎముక పుటుక్కుమన్న చప్పుడు ఇద్దరికీ వినబడింది. గొళ్ళెంగారు అరిచారు, ఏడ్చారు, బట్టలు తడుపుకున్నారు. చిరునామా మాత్రం చెప్పలేదు. నాలుగో చుట్టు తిప్పేలోగా ఎవరో గేటు కోసం బేరమాడటానికి వచ్చారు కాబట్టి మిగతా వేళ్ళు మిగిలాయి.

ఇంటికొచ్చి తలుపులో పడ్డాయన్నారు. భార్య ఆ వేళ్ళు చూసి, ఆ మాట నమ్మడానికి తను కట్లు కట్టే మనిషే కానీ గుడ్డిది కాదంది.

"కేసు పెట్టండి."

"పెడితే బోనెక్కిస్తారు. ఏ చిరునామా కోసం నొక్కాడు, నీకు తెలుసా అని వాడి వకీలు అడుగుతాడు. ప్రమాణం చేసి తెలియదని ఎట్లా అనను? తెలుసంటే ఇక అందరూ నా వెంట పడతారు."

 ఆ ఒక్కసారి మాత్రం ఆమె కట్టు మెత్తగా కట్టింది.

ఇంతలో కోర్టుకి కొత్త మేడం వచ్చింది, కార్యాలయం మొత్తానికీ అధికారి. చెడ్డ మనిషి అని రాయాలని నాకూ ఉంది, కానీ కాదు. వచ్చిన వారంలోనే అమీనాలందరినీ పిలిచి, ఒక్కొక్కరి దెబ్బలూ, కొట్టిందెవరో కూడా అడిగి రాసుకుంది. గొళ్ళెంగారి వేళ్ళు చూసి ముఖం తిప్పుకుంది.

"ఇక మీరెవరూ ఏ గుమ్మమూ ఎక్కక్కర్లేదు," అంది. "ఫోన్‌కి సందేశం పోతుంది. నొక్కితే డబ్బు కట్టొచ్చు. వెంటనే రసీదు వస్తుంది. జనం ఎందుకు కట్టరో తెలుసా? కోర్టువాళ్ళు తినేస్తారనుకుని. ఇక ఆ దాపరికం ఉండదు. ఎవరి డబ్బు ఎటు పోయిందో వాళ్ళే చూసుకోవచ్చు."

అందరూ చప్పట్లు కొట్టారు. గొళ్ళెంగారు కూడా, ఉన్న వేళ్ళతో.

ఒక మధ్యాహ్నం టైపు చేసే అమ్మాయిని కంప్యూటర్ ముందు కూచోబెట్టి, మేడం ఆయన్ని పిలిచింది. నష్టపరిహారం అందాల్సినవాళ్ళు ఎక్కడున్నారో చెప్పమంది.

"అవి ఎక్కడా పెట్టకూడదండీ," అన్నారాయన.

"కాగితం మీద కాదండీ. లోపల, తాళం వేసి ఉంటాయి. ఒక్క మాట అడుగుతా, ఏమీ అనుకోకండి. రేపు ఎవడో మిమ్మల్ని చంపేశాడనుకోండి. వీళ్ళందరికీ డబ్బు ఎట్లా చేరుతుంది?"

 న్యాయమైన ప్రశ్న. సరే, కేసు నంబరు చెప్పమ్మా అన్నారు టైపు అమ్మాయితో. ఆమె నంబరు చదివింది. ఆయన కళ్ళు మూసుకుని వీధీ, ఇల్లూ, ఎన్నో అంతస్తో చెప్పారు. ఇంకోటి. ఇంకోటి. పదో నంబరుకి పక్క గదిలో గుమాస్తాలు లేచి వచ్చారు. ఇరవయ్యోదానికి వకీళ్ళు తొంగిచూశారు. ముప్పయ్యోది దాటాక ఆయనకే ఊపొచ్చింది. తలుపు రంగులు కూడా చెప్పారు. నలభై ఒకటోది పూర్తయ్యేసరికి గదంతా చప్పట్లు.

"మీ తలే ఒక కంప్యూటర్ అండీ," అంది మేడం. "ఇట్లాంటి మనిషి ఇన్నేళ్ళు ఇక్కడున్నాడని ఎవరూ నాకు చెప్పలేదే!"

ఇరవై ఏడేళ్ళలో ఆ మనిషిని మెచ్చుకున్నవాడు లేడు. పొంగిపోయారు. ఇంటికెళ్ళి భార్యకి రెండుసార్లు చెప్పారు. ఆమె వేళ్ళకేసి చూసి, "మంచిదే," అంది.

సందేశాలు పంపే రోజు పొద్దున్నే అందరూ మేడం గదిలో గుమిగూడారు. పది గంటలకి వందలాది ఫోన్లకి సందేశం ఒకేసారి పోయింది. కట్టినవాళ్ళ పేర్లు తెర మీద ఒక్కొక్కటే పచ్చగా వెలుగుతుంటే పెళ్ళి పందిట్లో కట్నాలు చదివినట్టు చదవసాగింది టైపు అమ్మాయి. మేడం అందరికీ టీ తెప్పించింది. పావుగంట అయిందో లేదో టైపు అమ్మాయి కేక పెట్టింది.

"గొళ్ళెంగారూ, మీ వెల్డరు కట్టేశాడు! మొత్తం! సందేశం చేరిన రెండు నిమిషాలకే కట్టాడండీ!"

"చూశారా?" అంది మేడం. "మీ వేళ్ళు విరిచినవాడు! రెండే నిమిషాలు!"

అందరూ నవ్వారు. గొళ్ళెంగారు టీ గ్లాసు బల్ల మీద పెట్టేశారు. వాడు ఒక్కదానికే, పెళ్ళాం చిరునామాకే, డబ్బు కడతానన్నాడు. ఆ మాట ఆయన వేళ్ళకి బాగా గుర్తు.

"ఆ రసీదు చూపించు," అన్నారు.

"అది వాడి ఫోన్‌కి పోయిందండీ."

"అట్లాంటిదే చూపించమ్మా! తొందరగా!"

చూపించింది. పైన కట్టినవాడి పేరు. దాని కింద మొత్తం. ఆ కింద, ఈ సొమ్ము నష్టపరిహారంగా ఎవరికి చేరునో వారి వివరాలు. వెల్డరు భార్య పేరు. లాండ్రీ పేరు, వీధి, పై అంతస్తు, నీలం తలుపు. ఆయన చెప్పింది చెప్పినట్టు, ఒక్క అక్షరం పొల్లుపోకుండా.

ఎర్ర దీపం దాటినవాడికీ, ఎముకలు విరిచినవాడికీ ఆ యంత్రం ఒకే రసీదు ఇచ్చింది. పిడుగుకీ బియ్యానికీ ఒకటే మంత్రం. మేడం చూపించమన్నది నష్టపరిహారం అన్న ఒక్క మాటే. ఆ రసీదు తయారుచేసినవాళ్ళు వివరాలన్నీ గుదిగుచ్చి పెట్టారు. ఒక్క రసీదు ముందుగా తీసి చదువుదామని అంతమందిలో ఎవరికీ తోచలేదు. సందేశం చివర మాత్రం అందరికీ అర్థమయ్యేలా రాశారు: మీ సొమ్ము ఎవరికి, ఎక్కడికి చేరుతుందో రసీదులో చూసుకోవచ్చు.

 "ఆపండి, అన్నీ ఆపండి!" అని అరుస్తూనే మేడం పోలీసులకి ఫోన్ కలిపింది. గొళ్ళెంగారు లాండ్రీకి ఫోన్ చేస్తూ మెట్లు దిగారు. మోగింది, మోగింది, ఎవరూ ఎత్తలేదు. స్కూటర్ తీశారు. వెల్డరు షాపు నుంచి లాండ్రీ ఎంత దూరమో, కోర్టు నుంచి ఎంత దూరమో దారంతా లెక్క వేసుకుంటూనే ఉన్నారు. ఎట్లా వేసినా వాడే ముందు చేరుతున్నాడు.

లాండ్రీ షట్టరు సగం కిందికి దించి ఉంది. గుమ్మంలో బట్టలు ఉతికే ముసలాయన తల పట్టుకుని కూచుని ఉన్నాడు. వేళ్ళ సందుల్లోంచి రక్తం మోచేతి దాకా కారుతోంది. నోరు తెరవలేక లోపలికి చెయ్యి చూపించాడు. గొళ్ళెంగారు వంగి షట్టరు కింద నుంచి దూరారు.

ఉతికే యంత్రాలు తిరుగుతూనే ఉన్నాయి. ఆ హోరు మధ్య ఆమె అరుపు విడిగా వినబడింది. ఆవిరితో దుప్పట్లు ఇస్త్రీ చేసే పెద్ద ప్రెస్సు ఉంది, కింద బల్ల, పైన మంచమంత మూత. వెల్డరు ఆమె జుట్టు మెలేసి పట్టి, కుడిచెయ్యి బల్ల మీద పరిచి, మోచేత్తో మూత అదుముతున్నాడు. ఆవిరి బుస్సుమంటోంది. కాలిన మాంసం వాసన గదంతా నిండి ఉంది.

"కేసు పెట్టింది ఈ చేత్తోనేగా? సంతకం పెట్టు ఇప్పుడు! పెట్టు!"

బట్టల సోడా పొడి తొట్టె అందుబాటులో ఉంది. గొళ్ళెంగారు దోసిలి నిండా తీసి వాడి కళ్ళలో కొట్టారు. వాడు మూత వదిలేసి కళ్ళు పట్టుకున్నాడు, మరుక్షణమే నడుములో దోపుకున్న సుత్తి లాగి గుడ్డిగా తిప్పాడు. అది ఆయన భుజానికి తగిలి ఎముక జారిపోయింది. చెయ్యి వేలాడిపోయింది. రెండో చేత్తో నేల మీదున్న నీళ్ళ పైపు ఇనుప ముక్క దొరకబుచ్చుకుని మోకాలి మీద ఒక్కటిచ్చారు. వెల్డరు కూలబడ్డాడు. అక్కడితో ఆగొచ్చు. ఆయన ఆగలేదు. దవడ మీద కొట్టారు. పళ్ళు రాలి నేల మీద గలగలమన్నాయి. సుత్తి పట్టిన మణికట్టు విరిగేదాకా కొట్టారు. వాడు సుత్తి వదిలేశాక కూడా కొట్టారు. రోకలి, కుక్క, కాగిన నీళ్ళు, వైస్, అన్నిటి బాకీ ఆ ఒక్కడి మీదే తీర్చుకున్నారు. అది మంచిపని అని నేననను. ఆ గదిలో ఉంటే మీరైనా, నేనైనా ఆగేవాళ్ళమనీ అనను. చివరికి ఆమె వెనకనుంచి చొక్కా పట్టి లాగింది.

"నా చెయ్యి, బాబాయ్... నా చెయ్యి చూడండి."

అప్పుడు చూశారు. పైపు జారవిడిచి, చల్లనీళ్ళ కుళాయి తిప్పి, ఆమె చెయ్యి కింద పెట్టారు. చర్మం తొడుగులా ఊడి వచ్చింది. పోలీసులు వచ్చేదాకా ఆయన ఆ చెయ్యి వదల్లేదు.

వెల్డరు బతికాడు. ఆసుపత్రి మంచానికే బేడీలు వేశారు. మేడం ఆ రోజే యంత్రాన్ని ఆపించింది. నలభై ఒక్క చిరునామాల్లో ఎనిమిది అప్పటికే రసీదుల మీద పోయాయి. వాటిలో వెల్డరు భార్యది పోను మిగతా ఏడు ఇళ్ళకూ తనే వెళ్ళి, తన కారులోనే సామాను వేయించి, మూడు రోజుల్లో వాళ్ళని వేరే చోట్లకి మార్చింది. పై అధికారులకి తప్పు తనదేనని రాసింది. గొళ్ళెంగారి మాట అందులో ఎక్కడా రాయలేదు.

వెల్డరు భార్యకి రోజూ కట్టు మార్చేది గొళ్ళెంగారి భార్యే. చెయ్యి ఉంటుంది కానీ, పిడికిలి మూసుకోదన్నారు డాక్టర్లు. గొళ్ళెంగారు భుజానికి పట్టీ వేసుకుని రోజూ వచ్చి మంచం పక్కన కూచునేవారు. నాలుగో రోజున ఆమెకి నొప్పి కొంచెం తగ్గి, మాట్లాడే ఓపిక వచ్చింది.

"బాబాయ్, నేనక్కడున్నానని మీకు తప్ప ఎవరికీ తెలియదు కదా. వాడికెట్లా తెలిసింది?"

కట్టు విప్పుతున్న గొళ్ళెంగారి భార్య చేతులు ఆగిపోయాయి. యంత్రం అనొచ్చు. మేడం అనొచ్చు. తయారుచేసినవాళ్ళు అనొచ్చు. ఏదన్నా అబద్ధం కాదు.

"నేనే చెప్పానమ్మా. వాడికి కాదు. కోర్టులో అడిగితే కంప్యూటర్‌లో పెట్టించాను. అక్కణ్ణుంచి వాడికి పోయింది."

ఆమె చాలాసేపు ఆయన ఎడమచేతి వేళ్ళ వైపు చూసింది. అవి ఎందుకలా అయ్యాయో, కట్టు మారుస్తూ ఆయన భార్య ఆమెకి చెప్పింది.

"ఎవరైనా బెదిరించారా బాబాయ్?"

"లేదమ్మా."

"మరి?"

"మెచ్చుకున్నారు," అన్నారు గొళ్ళెంగారు. ఆయనకి ఏడుపొచ్చింది. వెల్డరు ముందు ఏడ్చినప్పుడు కూడా ఇంత సిగ్గు వేయలేదు.

ఆమె తిట్టలేదు. ముఖం గోడవైపు తిప్పుకుంది. భార్య మళ్ళీ కట్టు విప్పడం మొదలుపెట్టింది.

తొమ్మిదో రోజున ఆమెని ఆసుపత్రి నుంచి పంపేశారు. వెల్డరు కట్టిన జరిమానా అంతా కవరులో పెట్టి, గేటు దగ్గర ఆమె చేతికిచ్చారు గొళ్ళెంగారు. ఎడమచేతి వేలిముద్ర వేసి తీసుకుంది. వేలిముద్ర పడ్డాక ఆ మనిషి ఇకముందు ఎక్కడుంటారో అడిగి గుర్తుపెట్టుకోవడం ఆయన ఇరవై ఏడేళ్ళ అలవాటు. నోరు తెరిచారు.

"అడక్కండి బాబాయ్," అంది ఆమె.

అడగలేదు. ఆమె ఆటో ఎక్కింది. అది ఏ వైపు తిరుగుతుందో కళ్ళబడకుండా, వెళ్ళిపోయిన చప్పుడు వినబడేదాకా, ఆయన ఆసుపత్రి గోడవైపు తిరిగి నిలబడ్డారు.